వైరస్ కత్తెరకు తాళం!

మటన్ మెత్తగా ఉడకాలంటే పచ్చి బొప్పాయి ముక్క వెయ్యమంటారు పెద్దవాళ్లు. బొప్పాయి పాలలోని పపైన్ అనే ఎంజైము మాంసంలోని ప్రొటీన్లను ముక్కలు చేస్తుంది మరి. సబ్బుపొడిలో ఉండి బట్టల మీది రక్తం, గుడ్డు మరకల్ని వదిలించేవీ, మన పొట్టలో పప్పునీ చేపనీ అరిగించేవీ ఈ జాతివే. శాస్త్రవేత్తలు ప్రొటియేజ్‌లంటారు. కత్తెరలు అనుకుంటే సరి.

అలాంటి కత్తెర ఒకటి హెచ్‌ఐవీ దగ్గరా ఉంది. మన కణంలో దూరిన ఆ వైరస్ తన ప్రొటీన్లను చాలావరకు విడివిడిగా కాక, బారెడు దండలా తయారుచేయిస్తుంది. దాన్ని సరైన చోట్ల కత్తిరిస్తేనే కొత్త వైరస్‌కు పూర్తి రూపం. లేదంటే పుట్టినా ఎవరికీ సోకలేదు. అంటే, కత్తెరను పనిచేయనీయకపోతే చాలన్నమాట! కానీ కంటికి కనిపించనిదాన్ని పట్టేదెలా?

ముందు దాని ఆకారం తెలియాలి. అందుకు ఎంజైమును పటికబెల్లంలా స్ఫటికంగా మార్చి, దాని గుండా ఎక్స్‌రేలు పంపుతారు. అవి చెదిరిన తీరును లెక్కగడితే ఏ పరమాణువు ఎక్కడుందో తేలుతుంది. 1989లో అమెరికాలోని మెర్క్ కంపెనీ పరిశోధకులు ఈ కత్తెర బొమ్మను బయటపెట్టారు. అచ్చుగుద్దినట్టుండే రెండు సగాలు... ఒక్కోదానిలో 99 అమైనో ఆమ్లాలు. నమస్కారం పెట్టిన చేతుల్లా కలిసి ఉంటాయవి. మధ్యలో ఓ సొరంగం. ప్రొటీన్ దండ అందులోకి రాగానే పైనున్న రెండు రెక్కలు మూసుకుంటాయి, కోత పడుతుంది. ఆ సొరంగంలో సరిగ్గా ఇమిడేలా, కానీ తెగకుండా ఉండే అణువుల తయారీ అప్పుడు జోరందుకుంది. తాళంలో విరిగిన చెవి ఇరుక్కుపోతుందే, అలా!

1995 డిసెంబరులో సాక్వినవిర్‌కు అమెరికా అనుమతి వచ్చింది. మరుసటేడు రిటోనవిర్, ఇండినవిర్. పాత మందులతో కలిపి మూడేసి వాడటం మొదలయ్యాక, 1997లో ఆ దేశంలో ఎయిడ్స్ మరణాల రేటు ముందటేడు కన్నా 47 శాతం పడిపోయింది. మంచం పట్టినవాళ్లు లేచి తిరిగారు.

వాడటం మాత్రం అంత సులువేం కాదు. ఇండినవిర్‌ను ఎనిమిది గంటలకోసారి ఖాళీ కడుపుతో వేసుకోవాల్సి వచ్చేది, కిడ్నీల్లో రాళ్లు రాకుండా తెగ నీళ్లు తాగాల్సి వచ్చేది. పైగా వైరస్ తక్కువదా? కత్తెరలో చిన్నచిన్న మార్పులు చేసుకుని మందును జారవిడిచేది. భారతీయ సంతతి రసాయన శాస్త్రవేత్త అరుణ్ ఘోష్ దీనికో ఉపాయం ఆలోచించారు. అమైనో ఆమ్లాల పక్క కొమ్మలు మారినా వెన్నెముక పెద్దగా మారదు కదా, మందు దాన్నే పట్టుకోవాలన్నారు. 2006లో అనుమతి పొందిన దారునవిర్ అలా పుట్టిందే.

రిటోనవిర్‌దైతే మరో కథ. కొద్ది మోతాదులో ఇస్తే, తోటి మందును కాలేయం తొందరగా విరిచేయకుండా కాపాడుతుందది. అందుకే తర్వాత అది తోడు మాత్రగా స్థిరపడింది. 2021లో కొవిడ్‌కు వచ్చిన పాక్స్‌లోవిడ్‌లోనూ ఇదే జోడీ: కరోనా కత్తెరను పట్టేది నిర్మాట్రెల్‌విర్, దానికి తోడు రిటోనవిర్. దీని జెనరిక్‌ను తయారుచేసి, 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది మన హైదరాబాద్ కంపెనీ హెటెరోనే.