ఇంకో కాటన్ దొర

కాటన్ దొర అనగానే మనకు ధవళేశ్వరం ఆనకట్ట గుర్తుకొస్తుంది. ఆయన నీళ్లు పారించాడు. 1948 లో ఇంకో కాటన్ దొర తెలుగు నేల మీదికి తుపాకులు తెచ్చాడు. అదీ ఆకాశమార్గాన, రాత్రివేళ.

ఈ సిడ్నీ కాటన్ ఆస్ట్రేలియావాడు. వైమానికులను చలినుంచి కాపాడే ‘సిడ్‌కాట్’ దుస్తులు కనిపెట్టిందీ, 1939 లో వ్యాపారి వేషంలో జర్మనీ మీద ఎగురుతూ దొంగచాటుగా ఫోటోలు తీసిందీ ఈయనే! అలాంటి ఘటికుడికి నిజాం ప్రభుత్వంతో బేరం కుదిరింది. హైదరాబాదు రాజ్యానికి రేవు లేదు, చుట్టూ భారతదేశమే. ఇక మిగిలింది ఆకాశం. లాంకాస్టర్ బాంబరును పౌర విమానంగా మార్చి చేసిన లాంకాస్ట్రియన్లు కరాచీలో ఆయుధాలు ఎక్కించుకుని బీదరులోనూ వరంగల్లులోనూ దిగేవి.

కరీంనగరం వైపు బోయినపల్లి కూడా అప్పుడు నిజాం ఏలుబడిలోని పల్లె. (సికింద్రాబాదు పక్కనున్న బోయినపల్లి కాదు సుమండీ! ఇది ఇప్పటి సిరిసిల్ల జిల్లాలోది.) రజాకార్ల పేరు చెబితే పల్లెలు తలుపులు వేసుకునే రోజులవి. దిగుతున్న తుపాకులు రేపు ఎవరిమీద పేలుతాయి? అలాంటి పల్లెలన్నిటికీ అది ప్రాణాల మీది ప్రశ్న.

ఇంతకూ పౌర విమానంలో యుద్ధసామగ్రి వేసుకుని రావచ్చునా? ఏ దేశం మీదుగా ఎగురుతారో ఆ దేశం అనుమతి లేనిదే కూడదని 1944 నాటి షికాగో ఒడంబడిక 35వ అధికరణం చెబుతుంది. నేటికీ అదే కట్టుబాటు. భారతదేశం 1947 మార్చిలో దానిని ఆమోదించింది. అంతకుముందే మన 1937 విమాన నిబంధనలు కేంద్ర ప్రభుత్వపు లిఖితపూర్వక అనుమతి ఉండాలన్నాయి. అంటే, ఎవరిని ఎదిరించడానికి తుపాకులు తెస్తున్నారో వారినే వెళ్లి చీటీ అడగాలన్నమాట! కాటన్ అడగలేదు. చీకటిని నమ్ముకున్నాడు.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు. తెచ్చిన తుపాకులు అక్కరకు రాలేదు.

అయితే కాటన్‌ను బోనెక్కించింది మనం కాదు, ఇంగ్లాండు. విమానాలు అక్కడ రిజిస్టరయినవి కనుక వాటివెంట అక్కడి చట్టమూ నడిచింది. లైసెన్సు లేకుండా ఆయుధాలు మోసిన నేరానికి కోర్టు విధించిన జరిమానా 200 పౌన్లు. అప్పటి మారకంలో సుమారు 2,670 రూపాయలు.