చొరబాటు సాధన.. సొంత యంత్రంపైనే

జడ్చర్ల: కంప్యూటర్లలోకి అక్రమంగా చొరబడేవారిని అడ్డుకోవాలంటే ఆ చొరబాటు ఎలా జరుగుతుందో ముందు తెలియాలి. అలాగని ఇతరుల వెబ్‌సైట్లపై ప్రయోగాలు చేస్తే ఊచలు లెక్కపెట్టాల్సి వస్తుంది. సైబర్ భద్రత రంగంలో స్థిరపడాలనుకునే యువత చట్టానికి లోబడి ఈ విద్య నేర్చుకునేందుకు లొసుగులతో కావాలనే రూపొందించిన లినక్స్ యంత్రాలు ఉచితంగా లభిస్తున్నాయి.

ముప్పు దూరాన లేదు
2019 ఏప్రిల్ నెలాఖరులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థలపై రాన్సమ్‌వేర్ దాడి జరిగి వెబ్‌సైట్లు నిలిచిపోయాయి. జడ్చర్లకు కరెంటు అందించే దక్షిణ తెలంగాణ పంపిణీ సంస్థ కూడా బాధితుల్లో ఉంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సైబర్ దాడికి గురై, డేటా కేంద్రాల సేవలను వేరుచేయాల్సి వచ్చింది. పోలేపల్లి సెజ్‌లో ఔషధ పరిశ్రమలున్న ఈ ప్రాంతానికి ఇది హెచ్చరికే.

ఏమిటీ యంత్రం?
సాధన యంత్రాల్లో పేరొందినది ‘మెటాస్ప్లాయిటబుల్ 2’. ర్యాపిడ్7 సంస్థ 2012లో విడుదల చేసింది. ఉబుంటు 8.04పై నడుస్తుంది. పాతబడిన సాఫ్ట్‌వేర్లు, బలహీనమైన పాస్‌వర్డ్‌లు ఇందులో ఉద్దేశపూర్వకంగా ఉంచారు. వినియోగదారు పేరూ, పాస్‌వర్డూ ఒకటే కావడం ఒక ఉదాహరణ. వర్చువల్‌బాక్స్ ద్వారా దీనిని, పరీక్షా పరికరాలుండే కాలీ లినక్స్‌ను ఒకే కంప్యూటర్‌లో నడపవచ్చు. 8 జీబీ మెమరీ ఉంటే చాలు. అయితే రెండింటినీ ‘హోస్ట్ ఓన్లీ’ నెట్‌వర్క్‌కే పరిమితం చేయాలి. లొసుగుల యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలిపితే ఇంటి తలుపులు తీసిపెట్టి ఊరెళ్లినట్లే.

సాధన ఇలా..
తొలుత ‘ఎన్‌మ్యాప్’తో ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో, వాటి వెనుక ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌లో ఉందో గుర్తించాలి. 21వ పోర్టులో ఫైళ్లను బదిలీ చేసే ‘వీఎస్ఎఫ్‌టీపీడీ 2.3.4’ కనిపిస్తుంది. 2011లో గుర్తుతెలియని వ్యక్తులు దీని డౌన్‌లోడ్ ఫైలులో దొడ్డిదారి చొప్పించారు. లాగిన్ పేరులో నవ్వుముఖం గుర్తు చేర్చితే 6200వ పోర్టు తెరుచుకుని యంత్రంపై పూర్తి అధికారం దక్కుతుంది. నమ్మకమైన చోటు నుంచి తెచ్చుకున్న ఫైలునూ సరిచూసుకోవాలన్నది ఇక్కడి పాఠం.

తలుపు తెరుచుకోవడంతో పని పూర్తికాదు. ఏ లొసుగు దొరికింది, దానివల్ల నష్టమెంత, ఎలా సరిచేయాలి అన్నది నివేదికగా రాయాలి. ఉద్యోగంలో సంస్థలు కోరేది ఈ నివేదికనే. లొసుగును పూడ్చి, మళ్లీ పరీక్షించి చూసుకుంటేనే అభ్యాసం సంపూర్ణమవుతుంది.

అనుమతే హద్దు
యజమాని అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి ప్రవేశించడం సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందకు వస్తుంది. దురుద్దేశం రుజువైతే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. సంస్థలు ఈ పరీక్షలు చేయించుకునేటప్పుడు ఏయే వ్యవస్థలను, ఎన్ని రోజులు పరీక్షించాలో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటాయి. ఎక్కడైనా లొసుగు కంటపడితే దానిని ప్రయోగించి చూడకుండా, 2004 నుంచి పనిచేస్తున్న కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి.