విమాన మైళ్ళు, వడ్డీ షరతు: విహారయాత్రకు క్రెడిట్ కార్డు గిట్టుబాటవుతుందా?

జుమా నమాజు ముగిసిన తరువాత యువకులు అడిగే ప్రశ్నలలో ఒకటి ఈ మధ్య తరచుగా వినవస్తోంది. "మౌలానా, బ్యాంకువారు విమాన సంస్థతో కలిసి క్రెడిట్ కార్డు ఇస్తున్నారు. ఏది కొన్నా పాయింట్లు జమవుతాయి, వాటితో టిక్కెట్టు ఉచితంగా వస్తుంది. గడువులోగా బిల్లు కట్టేస్తే వడ్డీ పడదు. తీసుకోవచ్చునా?" హైదరాబాదు, బెంగళూరులలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలూ, గల్ఫ్ దేశాల నుండి సెలవుపై వచ్చే సోదరులూ, ఏడాదికొకసారి ఇంటిల్లిపాదినీ కాశ్మీరుకో ఊటీకో తీసుకువెళ్ళాలని ఆశపడే గృహస్థులూ ఈ మాటే అడుగుతున్నారు.

ఇందులో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. లౌకికంగా ఆ కార్డు గిట్టుబాటవుతుందా అన్నది మొదటిది. షరీఅతు దృష్టిలో ఆ ఒప్పందం సమ్మతమేనా అన్నది రెండవది. చాలామంది రెండవ ప్రశ్నకు మాత్రమే సమాధానం కోరి, మొదటిదానికి సమాధానం తమకు తెలుసుననే అనుకుంటారు. అందుచేత ముందుగా లెక్కనే పరిశీలిద్దాం.

ప్రయాణం మనకు కొత్త కాదు

భూమిపై సంచరించి సృష్టిని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల ప్రబోధించింది. విహారయాత్ర తనంతట తాను దోషం కాదు. మన కృష్ణా తీరానికైతే దూరప్రయాణం పూర్వమే పరిచయం. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుండి ఎర్రసముద్రానికి ఓడలు సాగేవి. సరుకులతో పాటు హజ్ యాత్రికులు కూడా వాటిలో ప్రయాణించేవారు. ఈనాడు ఆ పాత్రను గన్నవరం విమానాశ్రయం నిర్వహిస్తోంది. 2022 అక్టోబరు 31న అక్కడి నుండి షార్జాకు విమానం మొదలైంది. 2023లో హజ్ యాత్రికులు గన్నవరం నుండే బయలుదేరారు. కూచిపూడి, మొవ్వ, పామర్రు, గుడివాడ, అవనిగడ్డ వాసులకు విమానం అందుబాటులోకి వచ్చిన మాట నిజం. దానితో పాటు కార్డు అమ్మేవారి ఫోన్లూ వచ్చాయి.

ఉచిత టిక్కెట్టుకు సొమ్ము ఎవరిది?

ప్రయాణించిన మైళ్ళను బట్టి ప్రయాణికునికి బహుమతి ఇచ్చే పథకాన్ని అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో ప్రారంభించింది. 1987లో సిటీబ్యాంకుతో కలిసి క్రెడిట్ కార్డును కూడా తెచ్చింది. అప్పటి నుండి విమానం ఎక్కకపోయినా, కిరాణా కొన్నా, బట్టలు కొన్నా మైళ్ళు జమకావడం మొదలైంది. మన దేశంలో ఎయిర్ ఇండియా పేరుతో ఎస్.బి.ఐ. కార్డు, ఇండిగో పేరుతో హెచ్.డి.ఎఫ్.సి. బ్యాంకు కార్డు ఈ కోవలో వచ్చినవే.

విమాన సంస్థ ఈ పాయింట్లను బ్యాంకుకు అమ్ముతుంది. బ్యాంకు వాటిని కొని మనకు పంచుతుంది. ఆ సొమ్ము బ్యాంకుకు ముఖ్యంగా మూడు మార్గాలలో వస్తుంది. మనం కార్డు గీసిన ప్రతిసారీ దుకాణదారు చెల్లించే రుసుము ఒకటి. మనం కట్టే వార్షిక రుసుము రెండవది. గడువు తప్పినవారు చెల్లించే వడ్డీ, జరిమానాలు మూడవది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2023లో వెలువరించిన ఒక పరిశోధనా పత్రం ఈ బహుమతుల గుట్టు విప్పింది. కార్డు నిబంధనలు అంతగా తెలియని వినియోగదారుల జేబుల నుండి, వాటిని నేర్పుగా వాడుకునేవారి జేబుల్లోకి ఆ దేశంలో ఏటా సుమారు 1,500 కోట్ల డాలర్లు తరలిపోతున్నాయని అది అంచనా కట్టింది. అంటే ఒకరి ఉచిత టిక్కెట్టులో మరొకరు కట్టిన వడ్డీకి కూడా భాగముంది.

కాగితంపై లెక్క వేద్దాం

నెలకు 15,000 రూపాయలు కార్డుపై ఖర్చు చేసే కుటుంబాన్ని ఊహించుకోండి. ఏడాదికి 1,80,000 రూపాయలు. ప్రతి 100 రూపాయలకు 2 పాయింట్లు చొప్పున 3,600 పాయింట్లు జమవుతాయి. ఒక్కొక్క పాయింటు విలువ అర్ధ రూపాయి నుండి ఒక రూపాయి వరకు అనుకుందాం. మొత్తం విలువ 1,800 నుండి 3,600 రూపాయలు. కార్డు వార్షిక రుసుము 1,499 రూపాయలైతే, 18 శాతం జి.ఎస్.టి. కలుపుకొని 1,769 రూపాయలవుతుంది. దానిని తీసివేస్తే ఏడాది పొడుగునా కార్డు వాడినందుకు మిగిలేది కనిష్ఠంగా 31 రూపాయలు, గరిష్ఠంగా 1,831 రూపాయలు.

ఇక ఒక నెల బిల్లు 15,000 రూపాయలు కట్టలేకపోయారనుకుందాం. క్రెడిట్ కార్డులపై నెలకు మూడున్నర శాతం వడ్డీ సాధారణం. నెలకు 525 రూపాయలు, మూడు నెలలకు 1,575 రూపాయలు. దానిపై కూడా 18 శాతం జి.ఎస్.టి. ఉంది కనుక మొత్తం 1,858 రూపాయలు దాటుతుంది. వడ్డీపై వడ్డీని, ఆలస్య రుసుమును లెక్కలోకి తీసుకోకుండానే ఏడాది లాభమంతా మూడు నెలల బాకీలో కొట్టుకుపోయింది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్ళకు వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్న రోజు నుండే వడ్డీ మొదలవుతుంది. బిల్లులో కనిపించే "కనీస మొత్తం" కట్టితే ఆలస్య రుసుము తప్పుతుందే కాని వడ్డీ తప్పదు. ఈ చిన్న విషయం తెలియక నష్టపోయినవారు చదువుకున్నవారిలోనూ ఉన్నారు.

నెలకు మూడున్నర శాతమంటే ఏడాదికి 42 శాతం. 30 శాతానికి మించి వసూలు చేయడం అనుచితమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కనుక ఆ అడ్డుకట్ట కూడా ఇప్పుడు లేదు.

పాయింట్ల విలువకు కూడా హామీ లేదు. పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో వేసిన సొమ్ము వంటి వాటికి చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు. పాయింట్లతో తీసుకున్న టిక్కెట్టుకు కూడా పన్నులూ రుసుములూ చేతి నుండి కట్టవలసి ఉంటుంది. వేసవి సెలవులలో, పండుగ రోజులలో అటువంటి సీట్లు దొరకడం కష్టం. మన కుటుంబాలు ప్రయాణించేదేమో సరిగ్గా ఆ రోజులలోనే. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఎగరడం మానేసింది. ఆ సంస్థ టిక్కెట్టు కోసం పాయింట్లు దాచుకున్నవారికి ఎక్కవలసిన విమానమే లేకుండా పోయింది. 2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో విలీనమైనప్పుడు పాయింట్లు కొత్త పథకంలోకి మారాయి. వాటి కోసం ప్రణాళిక వేసుకున్నవారు మాత్రం కొత్త నిబంధనలను మళ్ళీ మొదటి నుండి నేర్చుకోవలసి వచ్చింది. పాయింటు మన సొత్తులా కనిపిస్తుంది, దాని విలువను నిర్ణయించే అధికారం మాత్రం సంస్థ చేతిలోనే ఉంటుంది.

ఉద్యోగరీత్యా నెలకు రెండు మూడుసార్లు విమానం ఎక్కి, ఆ ఖర్చును యజమాని నుండి తిరిగి పొందేవారికి ఈ లెక్క వేరుగా ఉండవచ్చు. ఏడాదికొకసారి, అందరికంటే తక్కువ ధర ఉన్న టిక్కెట్టు వెదికి కొనే కుటుంబానికి ఒక నిర్ణీత విమాన సంస్థ కార్డు వల్ల ఒరిగేది బహు స్వల్పం.

పంటకు ఒక గడువు, కార్డుకు ఒక గడువు

డెల్టా కుటుంబాల ఆదాయానికి ఒక స్వభావముంది. సార్వా ధాన్యం అమ్మితే ఒకసారి, దాళ్వా అమ్మితే మరొకసారి డబ్బు వస్తుంది. రొయ్యల చెరువుల మీద ఆధారపడినవారికి పట్టుబడి పట్టిన నాడే రాబడి. పెడన కలంకారీ పనివారికి, చిలకలపూడి రోల్డ్ గోల్డ్ పనివారికి ఆర్డరును బట్టి కూలి. గల్ఫ్ నుండి వచ్చే సొమ్ము సైతం జీతం ఆలస్యమైతే ఆగిపోతుంది. కార్డు బిల్లు మాత్రం ప్రతి నెలా అదే తేదీకి వస్తుంది. తుఫానుకు చేను మునిగినా, రొయ్యకు తెగులు సోకినా ఆ తేదీ జరగదు. నెల జీతగాణ్ణి దృష్టిలో ఉంచుకొని తయారుచేసిన ఒప్పందాన్ని పంట మీద బ్రతికే ఇంటికి తగిలించుకుంటే ప్రమాదం ఎవరికో వేరుగా చెప్పనక్కరలేదు. దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 280వ ఆయత్‌లో, ఋణగ్రస్తుడు ఇబ్బందిలో ఉంటే అతనికి వెసులుబాటు లభించేవరకు గడువు ఇవ్వమని ఆదేశించింది. కార్డు ఒప్పందం సరిగ్గా ఆ సమయంలోనే వడ్డీ మొదలుపెడుతుంది.

షరీఅతు ఏమంటుంది?

ఫుఖహా, అంటే ధర్మశాస్త్రవేత్తలు, ఈ కార్డును మూడు భాగాలుగా విడదీసి పరిశీలిస్తారు.

మొదటిది రుసుము. అప్పు మొత్తంతో నిమిత్తం లేకుండా, సేవకు ప్రతిఫలంగా తీసుకునే స్థిరమైన రుసుముపై పెద్దగా ఆక్షేపణ లేదు.

రెండవది పాయింట్లు. అప్పు ఇచ్చినవాడు తన అప్పు ద్వారా షరతుతో పొందే లాభం రిబా అవుతుంది. క్రెడిట్ కార్డులో అప్పు ఇచ్చేది బ్యాంకు, బహుమతి ఇచ్చేదీ బ్యాంకే. కనుక దానిని హిబాగా, అంటే కానుకగా, పరిగణించినవారున్నారు. బహ్రెయిన్‌లోని ఆయోఫీ సంస్థ ప్రమాణాలు కూడా కార్డుదారునికి విమాన టిక్కెట్ల ధరలో తగ్గింపు వంటి సమ్మతమైన సౌకర్యాలు ఇవ్వవచ్చునని చెబుతాయి. చిత్రమేమిటంటే, డెబిట్ కార్డు విషయంలో ప్రశ్న తిరగబడుతుంది. ఖాతాలో సొమ్ము ఉంచిన మనమే అక్కడ బ్యాంకుకు అప్పు ఇచ్చినవారం. కనుక బ్యాంకు తన తరఫున ఇచ్చే బహుమతి విషయంలో జాగ్రత్త వహించాలని కొందరు ఉలమాలు సూచించారు. దుకాణదారుడు గాని, విమాన సంస్థ గాని స్వయంగా ఇచ్చే తగ్గింపుకు ఈ అభ్యంతరం వర్తించదు.

మూడవదీ, అసలైనదీ వడ్డీ షరతు. ఇస్లామీ సహకార సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 2000 సెప్టెంబరులో రియాద్‌లో జరిపిన 12వ సమావేశంలో 108వ తీర్మానం చేసింది. ఒప్పందంలో వడ్డీ షరతు ఉంటే, గడువులోగానే చెల్లించాలన్న ఉద్దేశం ఉన్నప్పటికీ, అటువంటి క్రెడిట్ కార్డు జారీ చేయడమూ వాడడమూ సమ్మతం కాదని ఆ తీర్మానం సారాంశం. "మేము వడ్డీ కట్టం కదా" అన్న యువకుల వాదానికి ఇదే సమాధానం. ఆలస్యమైతే వడ్డీ ఇస్తానని సంతకం చేయడమే ఒక అంగీకారం. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వడ్డీ తిన్నవానితో పాటు, ఇచ్చినవానిని, వ్రాసినవానిని, సాక్షులను కూడా శపించారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

అన్యాయం జరగకుండా మరొక మాట కూడా చెప్పాలి. గడువుకు ముందే పూర్తి మొత్తం ఖాతా నుండి దానంతటదే చెల్లింపయ్యే ఏర్పాటు చేసుకొని, వడ్డీ పడే అవకాశం లేకుండా చూసుకునేవారికి, నిజమైన అవసరం ఉంటే అనుమతి ఉందని చెప్పిన ఉలమాలు ఉపఖండంలో ఉన్నారు. అటువంటి అవసరం ఉన్నవారు తమకు విశ్వాసమున్న ముఫ్తీని సంప్రదించాలి. అయితే ఆ అనుమతికి ఆధారం అవసరం. విహారయాత్రలో కొన్ని వందల రూపాయల మిగులును అవసరమని పిలవడం కష్టం. ఉమ్రా విషయంలోనైతే ఇంకా జాగ్రత్త కావాలి. హజ్ సైతం స్తోమత ఉన్నవారిపైనే విధి అయినప్పుడు, ఉమ్రా కోసం వడ్డీ అంచున నిలబడవలసిన అగత్యం ఎవరికీ లేదు.

మరి మార్గమేమిటి?

విమాన సంస్థల సభ్యత్వానికి క్రెడిట్ కార్డు అక్కరలేదు. ఎయిర్ ఇండియా, ఇండిగో వంటి సంస్థల పథకాలలో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. టిక్కెట్టును యు.పి.ఐ. ద్వారానో, సొంత ఖాతా నుండో కొని సభ్యత్వ సంఖ్య ఇస్తే ప్రయాణానికి తగిన పాయింట్లు జమవుతాయి. ఇందులో అప్పు లేదు. అమ్మకందారుడు కొనుగోలుదారునికి ఇచ్చే తగ్గింపు మాత్రమే ఉంది. గల్ఫ్‌కు రాకపోకలు సాగించే సోదరులలో ఎందరో ఈ ఉచిత సౌకర్యాన్ని వినియోగించుకోవడం లేదు.

రెండవ మార్గం ముందుగా కూడబెట్టడం. మలేషియాలో పల్లెటూరి ముస్లింలు హజ్ కోసం పొలాలూ పశువులూ అమ్ముకోవడం చూసి, ఆర్థికవేత్త ఉంగ్కు అజీజ్ 1959లో ఒక పొదుపు పథకాన్ని ప్రతిపాదించారు. 1963లో అది సంస్థగా రూపుదిద్దుకొని, నేడు తబుంగ్ హాజీ పేరుతో ప్రసిద్ధి చెందింది. చిన్న చిన్న మొత్తాలు, వడ్డీ ప్రసక్తి లేని పొదుపు, ఆ తరువాత ప్రయాణం. మన ఇళ్ళలో కూడా నెలకు 1,500 రూపాయలు ప్రక్కన పెడితే ఏడాదికి 18,000 రూపాయలవుతాయి. పైన వేసిన లెక్కలో కార్డు ఇచ్చిన గరిష్ఠ లాభం 1,831 రూపాయలేనని గుర్తుంచుకోండి. బంధువులు, పరిచయస్తులు కలిసి వేలంపాట లేని చీటీ వేసుకున్నా అదే ప్రయోజనం కలుగుతుంది.

ఇప్పటికే కార్డు ఉన్నవారు మూడు పనులు చేయాలి. బాకీ ఉంటే అన్ని ఇతర కోరికలకంటే ముందు దానిని తీర్చాలి. కార్డుతో నగదు ఎన్నడూ తీయరాదు, దానికి మొదటి రోజు నుండే వడ్డీ పడుతుంది. అక్కరలేదనుకుంటే కార్డును రద్దు చేయించాలి. బాకీలన్నీ తీరిన ఖాతాను, కోరిన 7 పనిదినాలలోగా మూసివేయాలనీ, లేనిచో రోజుకు 500 రూపాయల చొప్పున వినియోగదారునికి చెల్లించాలనీ రిజర్వ్ బ్యాంకు 2022 నాటి ఆదేశాలలో ఉంది. అడగకుండా కార్డు పంపడాన్ని కూడా ఆ ఆదేశాలు నిషేధించాయి. ఫోనులో తియ్యగా మాట్లాడేవారికి ఈ సంగతి చెప్పగలిగే ధైర్యం మన ఇళ్ళలోని స్త్రీలకూ పెద్దలకూ నేర్పాలి.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ నమాజులో అప్పు భారం నుండి అల్లాహ్ శరణు వేడేవారు. కారణం అడిగినప్పుడు, అప్పులో పడినవాడు మాట్లాడితే అబద్ధమాడతాడనీ, వాగ్దానం చేస్తే తప్పుతాడనీ వివరించారు. ఇల్లు గడవక చేసిన అప్పుకే ఇంతటి హెచ్చరిక ఉన్నప్పుడు, విహారం కోసం తెచ్చుకునే అప్పు గురించి వేరుగా చెప్పనేల? ఈ వేసవిలో కాకపోతే వచ్చే వేసవిలో పిల్లలకు కొండలు చూపవచ్చు. తిరిగి వచ్చాక గుమ్మంలో బాకీ నిలిచి ఉండని ప్రయాణమే ఇంటికి సంతోషాన్నిస్తుంది.

అల్లాహ్ మన సంపాదనలో, వ్యయంలో, ప్రయాణాలలో శుభాన్ని ప్రసాదించుగాక! వడ్డీ నీడ పడకుండా మన ఇళ్ళను కాపాడుగాక! ఆమీన్.