కదలకుండా ఉంటేనే మాటు గట్టిది
మరమ్మతు చేసిన బోర్డు మళ్లీ మొరాయించడం వెనుక అసలు కథ

బాగు చేయించి తెచ్చిన టీవీ వారం తిరక్కుండానే మళ్లీ ఆగిపోతుంది. పైన ఒక దెబ్బ వేస్తే పలుకుతుంది. కాసేపటికి మళ్లీ మూగబోతుంది. బోరు మోటారు స్టార్టరులోని ఎలక్ట్రానిక్ బోర్డుకూ ఒక్కోసారి ఇదే జబ్బు పట్టుకుంటుంది. నీళ్లు పెట్టాల్సిన వేళ అది మొండికేస్తే పైరుకు తడి తప్పుతుంది. రైతు మళ్లీ బోర్డు చేత పట్టుకుని టౌనుకు బస్సెక్కాలి.

తట్టితే పనిచేసి, వదిలితే ఆగే ఈ జబ్బుకు తరచు కనిపించే కారణం బోర్డు మీద సరిగా పట్టని టంకం. మెకానిక్కులు దీన్ని 'డ్రై సోల్డరు' అంటారు. వేడి చాలకపోయినా, కాలికి మురికి ఉన్నా ఇలా జరుగుతుంది. టంకం చల్లారేలోగా భాగం కదిలినా ఇదే ఫలితం.

ముద్దగా ఉన్నప్పుడే ముప్పు

బిందెలకు మాటు వేసే పనివారికి ఈ సంగతి కొత్త కాదు. మాటు ఆరేదాకా బిందెను కదలనివ్వరు. బోర్డు మీద వేసే టంకమూ అలాంటిదే. ఇది తగరం, సీసం కలిసిన లోహం. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉన్న రకం సుమారు 190 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర పూర్తిగా నీరవుతుంది. చల్లారేటప్పుడు 183 డిగ్రీలకు దిగేదాకా అది నీరూ కాదు, గట్టీ కాదు. ముద్దలా ఉంటుంది. ఆ క్షణంలో భాగం కాలు కదిలితే లోపల సన్నని పగుళ్లు పడతాయి.

63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న రకానికి ఈ ముద్ద దశ లేదు. 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా గట్టిపడుతుంది. కొత్తగా పని నేర్చుకునేవారికి ఇదే మేలు.

మూడో చేయి ఎక్కడ?

ఒక చేతిలో సోల్డరింగ్ ఐరన్, రెండో చేతిలో టంకం తీగ. మరి భాగాన్ని పట్టుకునేదెవరు? కొందరు తీగను పళ్ల మధ్య పెట్టుకుంటారు. సీసం విషం కనుక ఆ పని ఎన్నడూ చేయరాదు. మూడో చేయి లేని లోటు తీర్చే ఉపాయాలు వేరే ఉన్నాయి.

రెసిస్టర్, డయోడ్ వంటి చిన్న భాగాలను రంధ్రాల్లో దూర్చాక, వెనుకవైపు వాటి కాళ్లను కొద్దిగా చెరోవైపు వంచితే చాలు. బోర్డు తిప్పినా జారవు. పూర్తిగా పడుకోబెట్టి మడిస్తే పక్క గీతకు తగిలే ప్రమాదం ఉంది, రేపు విప్పడమూ కష్టం.

పొట్టి భాగాలు ముందు, పొడుగువి తర్వాత అమర్చాలి. అప్పుడు బోర్డును బోర్లిస్తే కింది బల్లే వాటిని అదిమి పట్టుకుంటుంది. ఎత్తు తేడా ఉంటే కింద స్పాంజి ముక్క వేయవచ్చు. కాగితపు టేపుతో అంటించినా నిలుస్తాయి. ప్లాస్టిక్ టేపు మాత్రం వేడికి కరుగుతుంది.

ఐసీ వంటి ఎక్కువ కాళ్లున్న భాగానికి ముందు ఎదురెదురు మూలల్లో రెండు కాళ్లకే టంకం పెట్టాలి. వంకర ఉంటే ఆ చుక్కను మళ్లీ కరిగించి సరిచేయవచ్చు. నేరుగా కూర్చుందని చూసుకున్నాకే మిగిలినవి వేయాలి. వేడెక్కే కాలిని వేలితో కాక పట్టకారుతో పట్టుకోవాలి.

కెపాసిటర్ల ప్లస్, మైనస్ గుర్తులు ముందే చూసుకోవాలి. తిరగేసి బిగిస్తే కొన్ని రకాలు పేలిపోతాయి. ఐరన్ తీశాక నాలుగైదు సెకన్లు బోర్డును కదపకూడదు. నోటితో ఊదకూడదు.

బరువును టంకం మోయదు

ట్రాన్స్‌ఫార్మరు, పెద్ద కెపాసిటరు వంటి బరువైన వాటిని టంకం ఒక్కటే ఎంతోకాలం మోయలేదు. మోటారు దగ్గర, ట్రాక్టరులో నిత్యం అదురు ఉంటుంది. అలాంటి చోట స్క్రూతోనో, క్లిప్పుతోనో, సిలికాన్ గమ్ముతోనో భాగాన్ని బోర్డుకు బిగించాలి.

తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2015లో సెల్‌ఫోన్ల తయారీ మొదలైంది. ఫోను బోర్డుపై ఉండే భాగాలు నువ్వుగింజంత, అంతకన్నా చిన్నవి. వంచడానికి వాటికి కాళ్లే ఉండవు. అందుకే ఫోన్ల ఫ్యాక్టరీల్లో టంకం పొడి కలిసిన జిగట పేస్టును ముందు బోర్డుకు పూస్తారు. మిషను దానిపై భాగాలను పెడుతుంది. కొలిమిలోకి వెళ్లేదాకా ఆ జిగటే వాటిని పట్టి ఉంచుతుంది. కరిగిన టంకం భాగాన్ని తనంతట తానే సరైన చోటికి లాగుతుంది.

తెచ్చుకునే ముందు

సీసం కలిసిన మంచి మాటు మెరుస్తూ, కాలి చుట్టూ కొండవాలులా దిగి ఉంటుంది. మసకగా, గరుకుగా, గోళీలా నిలిచి ఉంటే అనుమానించాలి. సీసం లేని టంకం మాత్రం సహజంగానే కొంత మసకగా ఉంటుంది. బోర్డు తెచ్చుకునే ముందు భూతద్దంతో చూపమని మెకానిక్కును అడగడంలో తప్పులేదు. షాపులోనే నెమ్మదిగా తట్టి చూపమనాలి.

ఇంట్లో ప్రయత్నించే యువకులు ముందు ప్లగ్గు పీకాలి. పీకాక కూడా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి షాకు కొట్టవచ్చు. గాలి ఆడే చోట కూర్చోవాలి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టాలి.