బిడ్డతో నార్వే పోవువారికి

విశాఖపట్టణమున గాజువాక చెంతనున్న ఆటోనగర్‌లో, లేతు మిషన్ల రొదకును వెల్డింగు వెలుగులకును నడుమ పెరిగి ఇంజనీరింగు చదివిన యువకునకు, ఉద్యోగమనగా ఉక్కు కర్మాగారమో, షిప్‌యార్డో, ఓడరేవో యనుకొను కాలము గతించినది. ఓడలును, సముద్రగర్భపు చమురును భాగ్యముగాఁ గల నార్వే కూడ నేఁడు ఆ విద్యకు ఆదరము చూపు దేశములలో నొకటి. అట్టి ప్రయాణము కుదిరిన యింట జీతమును గూర్చియు, చలిని గూర్చియు, అచటి ధరలను గూర్చియు చర్చ తెగదు గాని, వెంట పోవు బిడ్డను ఆ దేశ మే దృష్టితో చూచునో విచారించువారు అరుదు.

గడువులోపల దరఖాస్తు పెట్టినచో, ఏడాది నిండిన శిశువునకు 'బార్నెహాగె' యను శిశువిహారమున స్థానము పొందు హక్కు అచట 2009 నుండి చట్టసిద్ధము. మన అంగన్‌వాడీ 1975లో పేదతల్లుల, పసిపిల్లల పోషణమునకై పుట్టినది. కలవారు అటు తొంగిచూడరు. అచటనో, అధికారి బిడ్డయు కార్మికుని బిడ్డయు ఒకే యిసుకలో ఆడుకొందురు. వాకిట వరుసగా కొక్కెములు. ప్రతి కొక్కెమునకు ఒక బిడ్డ పేరు. దానిక్రింద ఉన్ని లోదుస్తులు, వానకోటు, బూట్లు, తడిసినచో మార్చుటకు రెండవజత చేతితొడుగులు. వాన కురిసినను మంచు పడినను పిల్లలు ఆరుబయటనే ఆడుదురు. పసివారు తోపుడుబండిలో చలిగాలి నడుమనే పగటినిద్ర పోవుదురు. “రొంప పట్టును, లోపలికి తీసికొని రండర్రా!” యని వీడియోకాల్‌లో అమ్మమ్మ కేకలు వేసినను లాభము లేదు.

ఆరవయేట బడి. పదేండ్ల నిర్బంధవిద్య, ప్రభుత్వపాఠశాలలో ఫీజు లేదు, పుస్తకములు ఉచితము, ఏడవతరగతి ముగియువరకు మార్కులే లేవు. నార్వే భాష రాని బిడ్డకు, తరగతిలోని పాఠము తానుగా అందుకొనువరకు, ప్రత్యేకబోధన పొందు హక్కు కలదు. “మావాడు క్లాసులో ఎన్నవవాడండీ?” యని యడుగు తండ్రికి అచట సమాధానము దొరకదు; వానికి స్నేహితులున్నారా, విరామవేళ ఎవరితో ఆడుచున్నాడన్న ప్రశ్న మాత్రము గురువునుండి తప్పక ఎదురగును. 1814 నాటి రాజ్యాంగమును స్మరించు మే 17న రాజధాని ఆస్లోలో రాజభవనము ముందు నడచునది సైనికపటాలము గాదు, బడిపిల్లల ఊరేగింపు.

మనవారు తడబడునది శిక్షణవిషయమున. మొక్కై వంగనిది మానై వంగునా యని నమ్మి పెరిగిన మనకు, ఇంటిలో సైతము బిడ్డపై చేయిచేసికొనుట నేరమని 1987లోనే ఆ దేశము శాసించినదన్నమాట వింతగాఁ దోఁచును. 2012 డిసెంబరులో, ఏడేండ్ల కుమారుని హింసించిరన్న యభియోగముపై, ఒక తెలుగు దంపతులలో తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు ఆస్లో న్యాయస్థానము కారాగారశిక్ష విధించినది. శిశుసంరక్షణశాఖయైన 'బార్నెవెర్నె' చేయునదెల్ల ధర్మమని యిందుచే తలంపరాదు. తల్లినుండి బిడ్డను శాశ్వతముగా వేఱుచేసిన యొక వ్యవహారమున నార్వే కుటుంబజీవనహక్కును భంగపఱచినదని 2019లో యూరపు మానవహక్కుల న్యాయస్థానమే తీర్పు చెప్పినది. అయినను, బడిలో బిడ్డను కొట్టరాదని మన విద్యాహక్కుచట్టము సైతము 2009లో శాసించినది గదా! మనము గడపకు వెలుపల నిలిపిన న్యాయమును వారు ఇంటిలోనికి తెచ్చిరి, భేద మంతమాత్రమే.

కావున వీసాకాగితములు సిద్ధపఱచుకొను తల్లిదండ్రులారా, శిశువిహారమునకు దరఖాస్తు గడువు ఎప్పుడో ముందుగా కనుగొనుఁడు, ఉన్నిబట్టలకు వెనుదీయకుఁడు, బడిలో జరుగు తల్లిదండ్రుల సమావేశములకు, భాష రాదని సంకోచింపక, ఇరువురును పొండు, సందేహము కలిగినచో దాచుకొనక అడుగుఁడు. చేయి యెత్తు అలవాటును మాత్రము విమానమెక్కకముందే మానుకొనుఁడు. ఎక్కడికిని పోక ఇచటనే పెరుగు బిడ్డలకును అది మేలే.