గంజి గరిటె, మిలిటరీ జీపు

1952 కరువు మాటెత్తితే మా అనంతపురం పల్లెల్లో పెద్దవాళ్ళు రెండు సంగతులు చెబుతారు: గంజి కేంద్రాలు, మిలిటరీ. అప్పటికింకా మనది మద్రాసు రాష్ట్రం. ముఖ్యమంత్రి రాజాజీ. నీళ్ళు అడుగంటిన రాయలసీమ బావులను సైనికులు వచ్చి లోతు చేశారు. కరువుకు శత్రుపక్షమంటూ ఉండదు గనుక, గంజి పోసేవాళ్ళ పక్కన సైనికుడు నిలబడినా ఎవరికీ ముప్పు లేదు.

యుద్ధం నడిచేచోట అట్లా కాదు. సహాయ కార్యకర్త మిలిటరీ జీపులో ఊళ్ళోకి దిగాడనుకోండి. ఎదుటిపక్షానికి జీపే కనబడుతుంది గాని అతని చేతిలోని మందులు కనబడవు. మర్నాడు ఒంటరిగా వచ్చినా గురి అతని మీదే! అందుకే 2003లో ఐక్యరాజ్యసమితి రూపొందించిన మార్గదర్శకాలు సైన్యం సాయాన్ని చివరి మార్గంగానే చూడమంటాయి. అదీ రోడ్లు బాగుచేయడం వంటి పనులకే మేలు. జనం చేతికి తిండి అందించే పని సైనికులది కాకూడదు. మన లెక్కలో చెప్పాలంటే బావి వాళ్ళు తవ్వవచ్చు, గరిటె మాత్రం పట్టరాదు.

అలాగని సైన్యంతో మాట్లాడకపోతే కుదరదు. ఆసుపత్రి ఎక్కడుందో, లారీ ఏ దారిన పోతుందో పోరాడే పక్షాలన్నిటికీ ముందే తెలపాలి. తెలిపినంత మాత్రాన సరిపోతుందా? అఫ్ఘానిస్తాన్‌లోని కుందుజ్‌లో 'సరిహద్దులు లేని వైద్యులు' సంస్థ తన ఆసుపత్రి ఉన్న చోటును ముందే తెలిపింది. అయినా 2015 అక్టోబరు 3న అమెరికా విమానం దానిపై దాడి చేసింది. 42 మంది చనిపోయారు. దాడి చేయకూడని చోట్ల జాబితా ఆ విమాన సిబ్బందికి అందనేలేదని అమెరికా విచారణలోనే తేలింది.