మాధవి... అంతలోనే మాధవుడు!

బడి వార్షికోత్సవంలో అమ్మాయి నెమలిపింఛం పెట్టుకుని కృష్ణుడైతే చప్పట్లు కొడతాం. అదే అబ్బాయి జడ వేసుకుని సత్యభామగా వస్తే... ముందు వరసలోంచే నవ్వులు మొదలవుతాయి. అది ఆదోని పక్కన మాధవరమైనా, ఆ చివర మచిలీపట్నమైనా! కానీ ఒకప్పుడు కూచిపూడి వారి మేళాల్లో ఆ జడ వేసుకునే అర్హత మగపిల్లలకే ఉండేది.

కృష్ణా జిల్లాలోని కూచిపూడికి భామాకలాపం సిద్ధేంద్రయోగి ఇచ్చిన వరమంటారు. అక్కడి భాగవతుల ఇళ్లలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా భామ వేషం కట్టాలన్నది ఆనవాయితీ. ఊళ్లోని ఆడపిల్లలకు మాత్రం గజ్జె కట్టే వీల్లేదు. గోదావరి తీరాన కళావంతుల స్త్రీలు భామాకలాపం ఆడేవారు కానీ, అది వేరే సంప్రదాయం.

ఒకే మనిషి... ఇద్దరు!

ఈ ఆటలో మరో చిత్రమైన పాత్ర ఉంది. భామ దగ్గరున్నంతసేపూ ఆమె చెలికత్తె మాధవి. లేఖ పట్టుకుని కృష్ణుడి దగ్గరికెళ్లగానే అతని చెలికాడు మాధవుడు. రెండూ సూత్రధారుడే! తెర వెనక్కి వెళ్లి వేషం మార్చుకోనక్కర్లేదు. మాట, చూపు, నడక మారితే చాలు. ప్రేక్షకులు నమ్మేస్తారు.

నేర్పడంలోనూ కిటుకు అదే. అడవులు, జతులు అందరికీ ఒకటే. భుజం ఎంత వాల్చాలి, చూపు ఎక్కడ నిలపాలి, అడుగు ఎంత దూరం వెయ్యాలి... తేడా అంతా అక్కడే. అది పుట్టుకతో వచ్చేది కాదు, సాధనతో పట్టుబడేది. అందుకు వేదాంతం సత్యనారాయణశర్మే సాక్ష్యం. సత్యభామగా దేశమంతా మెప్పించిన ఆయనకు 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ వచ్చాయి.

తలుపులు తెరిచారు

వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఆనవాయితీని కాదని ఆడపిల్లలకు నేర్పారు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం దగ్గర ఎందరో అమ్మాయిలు తయారయ్యారు. ఆయన శిష్యురాలు శోభానాయుడు సత్యభామగా పేరు తెచ్చుకున్నారు.

నాటకరంగంలో ఇదే మాట అడిగింది బళ్లారి లాయరు రాఘవ. ఆదోని 1953 దాకా ఆ బళ్లారి జిల్లాలోదే. ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలని ఆయన పట్టుబట్టారు. స్త్రీలు రంగస్థలమెక్కడమే తప్పనుకునే రోజుల్లో అది న్యాయమైన పట్టు.

మరి ఇప్పుడు? తలుపు తెరుచుకుంది. క్లాసుల నిండా అమ్మాయిలే. కృష్ణుడూ వాళ్లే, శివుడూ వాళ్లే. మగపిల్లలు భామ వేషం కట్టడమే తగ్గిపోయింది. ఒకరికి తలుపు తియ్యాలంటే ఇంకొకరికి మూసెయ్యాలా?

అమెరికాలో కాంట్రా డ్యాన్స్ అని ఒక జంటల ఆట ఉంది. మగవాళ్లది ఎడమపక్క, ఆడవాళ్లది కుడిపక్క. ఈమధ్య చాలాచోట్ల ఆడ, మగ అన్న పేర్లు తీసేసి లార్క్, రాబిన్ అని పిట్టల పేర్లు పెట్టుకున్నారు. ఎవరు ఏ పక్కైనా నిలబడొచ్చు. రెండు పక్కలా ఆడినవాళ్లకు ఎదుటివారి చెయ్యి ఎప్పుడు, ఎటు అందాలో బాగా తెలుస్తుంది. మొదట్లో తడబడతారు, కొన్నాళ్లకు అలవాటవుతుంది.

మాధవి-మాధవుడి వేషం కట్టినవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. భామ అలకా తెలియాలి, కృష్ణుడి నవ్వూ తెలియాలి. అప్పుడే కదా, ఆ ఇద్దరి మధ్యా రాయబారం కుదిరేది!

ఈసారి వార్షికోత్సవంలో ఏ బాబో జడ వేసుకుని వస్తే, నవ్వేముందు వాడి అడుగులు చూడండి. బాగా వేస్తే చప్పట్లు కొట్టండి.